నీట మునిగిన రాజధాని, నీరందిన సీమ

మిర్యాలగూడ నుండి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్ళేవారికి దారి పొడవునా వరి చేలు, మధ్య మధ్య బియ్యపు మిల్లులు కనిపిస్తవి. ఇది మొదటి నుండి వరి సీమ కాదు. చెరువు కిందనో బావి కిందనో నాలుగు మళ్ళు తప్పిస్తే తక్కినది చాలా వరకు జొన్న, ఆముదం, వేరుసెనగ పండే మెట్ట నేల. 1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ నాగార్జునసాగరం కాలువలకు నీరు వదలిన తరువాతనే ఈ నేల రూపు మారినది. లాల్ బహదూర్ కాలువ అని పిలిచే ఎడమ కాలువ పొడవు మూడు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. అది ఈ తాలూకాల పొలాలను తడిపి ఖమ్మం వైపు, ఆ పిమ్మట కోస్తా జిల్లాల వైపు సాగిపోతుంది.

కాలువ ఎక్కడికి పోతున్నదో ఈ ప్రాంతపు పిల్లలకు ఎవరూ చెప్పనక్కర లేదు. అది బయలుదేరిన చోట, జలాశయం అడుగున ఏమున్నదో మాత్రం చెప్పవలసి ఉన్నది. అక్కడ ఉన్నది విజయపురి. పదిహేడు వందల ఏండ్ల కిందటి ఇక్ష్వాకు రాజుల రాజధాని.

నల్లమల కొండల నడుమ ఇరుకు దారిని ఒరుసుకొంటూ వచ్చే కృష్ణానదికి కుడి ఒడ్డున, కొండలు కాస్త ఎడంగా జరిగి, ఇంచుమించు 23 చదరపు కిలోమీటర్ల వైశాల్యం గల లోయ ఒకటి ఏర్పడి ఉండేది. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపు నది. శత్రువు రాదగిన త్రోవలు కొద్ది. తాగునీటికి, పడవ ప్రయాణానికి నది చేరువ. శాతవాహనుల అనంతరం, క్రీ. శ. మూడవ శతాబ్దం తొలి దశలలో, ఇక్ష్వాకు వంశీయుడు శాంతమూలుడు తన రాజ్యానికి ఈ లోయను కేంద్రం చేసుకొనుటలో ఆశ్చర్యం లేదు. ఆ లోయకు దిగువన, నందికొండ దగ్గర, రెండు ఒడ్డుల కొండలు మళ్ళీ దగ్గరకు వస్తవి. నదికి అడ్డంగా గోడ కట్టుటకు అంతకన్న అనువైన చోటు దొరకదు. 1952లో ఖోస్లా సంఘం పరిశీలించి మెచ్చినది ఆ చోటునే. కొండల వరుస నగరానికి ప్రాకారమైనట్లే నీటికి గట్టు కూడా అయినది. రాజధానిని ఎన్నుకొన్న భూమి లక్షణమే ఆనకట్టను కూడా ఎన్నుకొన్నదని చెప్పవలెను.

లోయలో శిథిలాలు ఉన్న సంగతి మొదట బయటపెట్టినవాడు ఒక బడిపంతులు. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడ ఒక పురాతన స్తంభాన్ని చూసి, ఆ సంగతి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేసినాడు. 1926లో శాసన శాఖలోని తెలుగు సహాయకుడు సరస్వతి వచ్చి చూసి, చోటు ప్రాముఖ్యాన్ని గుర్తించినాడు. అటు తరువాతనే లాంగ్‌హర్‌స్ట్ దొర 1927 నుండి 1931 వరకు, టి. ఎన్. రామచంద్రన్ 1938లో తవ్వకాలు జరిపినారు. పెద్ద పెద్ద పండితుల పేర్ల మధ్య ఆ పంతులు పేరు అడుగున పడిపోవడం సహజమే గాని, అందరూ చూస్తూ వచ్చిన రాయిని ఇది మామూలు రాయి కాదని అనుకొన్నవాడు అతడే గదా.

1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసినారు. ఆ నాటి నుండి లోయకు గడువు పడినట్లే. పురావస్తు శాఖ అంతకు ముందు ఏడే, 1954లో, డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన పనికి దిగినది. సాధారణంగా ఒక ప్రాచీన స్థలాన్ని తవ్వేవారు కొంత భాగం తవ్వి, తక్కినది రాబోయే తరాలవారికి వదలిపెడతారు. అప్పటికి వారి చేతిలో మేలైన పనిముట్లు, మేలైన పద్ధతులు ఉండునని. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. వదలినదంతా నీటి పాలు. అందుచేత 1960 వరకు ఆరేండ్లలో, నూటికి పైగా చోట్ల తవ్వకం సాగించవలసి వచ్చినది.

ఫలితం ఊహకు మించినది. పాత రాతియుగపు పనిముట్లు మొదలు విజయనగర కాలపు కోట వరకు, ఒకే లోయలో మానవ చరిత్ర పొరలు పొరలుగా బయటపడినది. ఇక్ష్వాకుల కాలానికి చెందినవే ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు. వాటితోపాటు కార్తికేయుని, శివుని, విష్ణువుని ఆలయాలు కూడా నది ఒడ్డున కనిపించినవి. నాలుగు వైపుల మెట్ల వరుసలు కట్టి, మధ్య చదునైన రంగస్థలం వదలిన ఒక ప్రేక్షకశాల దొరికినది. వాననీరు నిలువకుండా దానికి కాలువ కూడా అమర్చినారు. నదిలోకి దిగుటకు రాతి పలకల మెట్ల రేవు, అశ్వమేధ యాగానికి సంబంధించినదని భావించే మెట్ల కోనేరు దొరికినవి. శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. అతని సోదరి చాంతిసిరి మహాచైత్యాన్ని నిలబెట్టిన బౌద్ధురాలు. ఒకే ఇంట రెండు మతాలు పొరపొచ్చం లేకుండా నడచినవని ఈ శాసనాలు చూస్తే తోస్తుంది.

బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం పిల్లల భూగోళ పాఠానికి కూడా పనికివస్తుంది. సింహళ భిక్షువుల కోసం ఆమె కట్టించిన చైత్యగృహం సందర్భంలో, బౌద్ధ ధర్మం వ్యాపించిన దేశాలు అందులో వరుసగా చెప్పినారు: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవన దేశం, తామ్రపర్ణి మొదలైనవి. కృష్ణ ఒడ్డున నివసించే ఒక గృహిణి నోట చీనా నుండి సింహళం వరకు గల పేర్లు పలికినవంటే, ఆ రేవులో దిగిన పడవలు ఎంత దూరపు వార్తలు తెచ్చినవో ఊహించుకోవచ్చును.

తవ్వి తీసినవాటిని ఏమి చేయవలెను? శిల్పాలను, శాసనాలను మోసుకొని పోవచ్చును. ఇటుకలతో కట్టిన స్తూపాన్ని మోయుట ఎట్లు? లోయ నడుమ నిటారుగా నిలిచిన నాగార్జునకొండ శిఖరం నీటి మట్టానికి పైననే ఉండునని లెక్క తేలినది. జలాశయం నిండు మట్టం సముద్రానికి 590 అడుగుల ఎత్తు. కొండ కొస దానికి మించి ఉన్నందున, మహాచైత్యం, స్నానఘట్టం, ఒక బృహత్ శిలాసమాధి మొదలుగా తొమ్మిది ముఖ్యమైన కట్టడాలను కొలతలు తీసి, విప్పి, శిఖరం మీద తిరిగి కట్టినారు. మరికొన్నింటికి చిన్న నమూనాలు చేసి పెట్టినారు. ప్రేక్షకశాలను, మరి కొన్ని కట్టడాలను కుడి ఒడ్డున అనుపు వద్ద నిలిపినారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరచినారు. కొండ దీవి అయినది.

ఇదే దశాబ్దంలో ఈజిప్టు దేశంలో నైలునది మీద ఆస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు, అబూ సింబెల్ ఆలయాలను 1964 నుండి 1968 వరకు ముక్కలుగా కోసి, అరవై అయిదు మీటర్ల ఎత్తుకు ఎక్కించి నిలిపినారు. దానికి యునెస్కో పిలుపు మీద పలు దేశాలు డబ్బు ఇచ్చినవి, ప్రపంచమంతా పత్రికలలో చదివినది. నాగార్జునకొండ పని అంతకు ముందే మొదలై, మన పురావస్తు శాఖ చేతుల మీదుగా జరిగినది. బయట దాని పేరు అంతగా వినబడలేదు. రెండు పనులకూ పోలిక కన్న భేదం ఎక్కువ. అక్కడ తరలించినది కొండను తొలిచిన ఆలయం. రాయిని రాయిగా కోసి పేర్చవచ్చును. ఇక్కడ ఒక నగరం. నగరంలో కట్టడాలు ఒక్కటే ఉండవు. వీధికీ కోటకూ ఎంత దూరం, విహారం నుండి రేవుకు ఏ దారిన పోవలెను, ఎవరి ఇండ్లు ఎవరి పక్కన ఉన్నవి అనే సంబంధాలు ఉంటవి. తొమ్మిది కట్టడాలను కొండమీద దగ్గర దగ్గరగా అమర్చినప్పుడు వాటి రూపం నిలిచినది, సంబంధం పోయినది. నేల పొరలు అసలే తరలించరాదు. మ్యూజియం చూసేవారు ఈ మాట మనసున ఉంచుకొని చూడడం మేలు.

ఎడమ ఒడ్డున, నల్లగొండ జిల్లాలో ఉన్న ఏలేశ్వరం కథ కూడా ఇట్టిదే. అక్కడ రాష్ట్ర పురావస్తు శాఖ అబ్దుల్ వహీద్ ఖాన్ నాయకత్వాన తవ్వకాలు జరిపినది. బృహత్ శిలాయుగపు సమాధులు, ఇక్ష్వాకుల నాటి వస్తువులు, మధ్యయుగపు ఆలయాలు బయటపడినవి. ఊరితోపాటు ఆ స్థలమూ నీట మునిగినది. నాగార్జునకొండను తలచుకొన్నంతగా ఏలేశ్వరాన్ని తలచుకొనేవారు లేరు.

ఈ నష్టాన్ని చూసి ఆనకట్ట కట్టకుండా ఉండవలసినదని అనేవారు మిర్యాలగూడ రైతులలో దొరకరు. 408 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టేటట్లు కట్టిన జలాశయం అది. ఒండ్రు పేరుకొని ఆ శక్తి తరువాత మూడు వందల పైచిలుకుకు తగ్గినది. అయినను రెండు ఒడ్డులా లక్షల ఎకరాలు దాని మీదనే ఆధారపడి ఉన్నవి. కరువు ఏడు గంజి కేంద్రాల ముందు నిలిచిన సీమకు అన్నం పెట్టిన నీటిని తప్పు పట్టుట న్యాయం కాదు. కాని లాభాన్ని లెక్క వ్రాసుకొన్న పుస్తకంలోనే ఖర్చునూ వ్రాసుకోవలెను. ఆ ఖర్చులో ఒక రాజవంశపు చివరి అధ్యాయం కూడా పోయినదని చాలాకాలం అనుకొన్నారు. ఆ అధ్యాయంలోని ఒక పుట సూర్యాపేటకు సుమారు నలభై కిలోమీటర్ల దూరాన, నీరు ఎక్కని కొండ మీద దొరికినది.

ఆ కొండ ఫణిగిరి. దూరం నుండి పడగ ఎత్తిన పాములా కనిపిస్తుంది గనుక ఆ పేరు వచ్చిందంటారు. నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖవారు 1941 నుండి 1944 వరకు ఇక్కడ కొంత తవ్వినారు. ఆ తరువాత సుమారు ఆరు దశాబ్దాలు ఆ పని మూలపడినది. 2001 నుండి మళ్ళీ తవ్వకాలు సాగినప్పుడు మహాస్తూపం, గజపృష్ఠాకారపు చైత్యగృహాలు, విహారాలు, భిక్షువులు కూడుకొనే స్తంభాల మంటపం, బొమ్మలు చెక్కిన తోరణపు దూలాలు వెలికి వచ్చినవి. శాతవాహనుల, ఇక్ష్వాకుల, పశ్చిమ క్షత్రపుల నాణేలతోపాటు రోమను బంగారు నాణెం కూడా దొరికినది. 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రాచీన భారత బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిపినప్పుడు ఫణిగిరి శిల్పాలు అక్కడికి ప్రయాణం చేసినవి. 2024 మార్చిలో ఒక మట్టి కుండ నిండా సీసపు నాణేలు దొరికినవి. లెక్క పెడితే 3,730. ఒక వైపు ఏనుగు, మరొక వైపు ఉజ్జయినీ చిహ్నం.

నాణేల కుండ పత్రికలకెక్కినది. చరిత్ర దృష్టితో చూస్తే అంతకన్న విలువైనది ఒక ఎనిమిది పలకల స్తంభం. రుద్రపురుషదత్తుని 18వ రాజ్య సంవత్సరంలో రాజవైద్యుడు ధర్మచక్రాన్ని నిలబెట్టించినట్లు దానిమీద వ్రాసి ఉన్నది. ఈ ఒక్క అంకె ఎందుకు ముఖ్యమో తెలియవలెనంటే ఆ కాలంలో తేదీ వేసే పద్ధతి తెలియవలెను.

ఇక్ష్వాకుల శాసనాలలో సామాన్యంగా శక సంవత్సరం ఉండదు. ఫలానా రాజు రాజ్యానికి వచ్చిన ఇన్నవ ఏట, ఫలానా ఋతువులో ఇన్నవ పక్షం, ఇన్నవ దినం అని వ్రాస్తారు. ఏడాదికి గ్రీష్మం, వర్షం, హేమంతం అని మూడే ఋతువులు. ఒక్కొక్కదానికి ఎనిమిది పక్షాలు. మొత్తం ఇరవై నాలుగు. నాగార్జునకొండ మహాచైత్యపు శాసనంలో వీరపురుషదత్తుని 6వ సంవత్సరం, వర్ష పక్షం 6, దినం 10 అని ఉన్నది. ఇట్టి తేదీలతో రాజు ఎన్ని ఏండ్లు పాలించినాడో నేరుగా తెలియదు. దొరికిన అంకెలలో పెద్దది ఏదో, కనీసం అన్ని ఏండ్లు పాలించినాడని మాత్రమే చెప్పవచ్చును. వీరపురుషదత్తునికి 20, అతని కుమారుడు ఎహువల శాంతమూలునికి 24 వరకు శాసనాలు ఉన్నవి. ఎహువలుని తరువాత వచ్చిన రుద్రపురుషదత్తునికి నాగార్జునకొండలో దొరికిన పెద్ద అంకె 11. అందుచేత అతడు పదకొండు ఏండ్లకు కాస్త అటో ఇటో పాలించినాడని, అంతటితో వంశం అంతరించినదని అనుకొంటూ వచ్చినారు. ఫణిగిరి స్తంభం ఆ లెక్కకు ఏడు ఏండ్లు కలిపినది. అంతేకాదు, రాజధానికి ఇంత ఉత్తరాన కూడా ఆ రాజు పేర తేదీ వేసుకొనేవారని, అనగా అతని అధికారం కృష్ణ ఒడ్డుకు పరిమితమై కుంచించుకుపోలేదని కూడా ఆ రాయి చెప్పినది.

ఫణిగిరి శిల్పాలలో గమనించదగిన విషయం ఇంకొకటి ఉన్నది. చుట్టుపక్కల ఎటు చూసినా నల్లరాతి బండలు. శిల్పాలు మాత్రం తెల్లని, కొద్దిగా ఆకుపచ్చ చాయ గల సున్నపురాతిలో చెక్కినవి. ఈ రాయి పల్నాటి సీమది. ఆ పొరలు కృష్ణ దాటి ఇటు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, మేళ్ళచెరువుల వైపు కూడా వ్యాపించి ఉన్నవి. తిన్నగా కొలిచినా ఫణిగిరికి కృష్ణ ఒడ్డు డెబ్బై ఎనభై కిలోమీటర్లు. అంత దూరం నుండి బండ్ల మీద రాయిని తెప్పించుకొన్నారంటే, మెత్తగా ఉలికి లొంగి, వెంట్రుకవాసి గీతను కూడా నిలుపుకొనే గుణం వారికి ఎంత ప్రియమో తెలుస్తుంది. నేడు ఆ సున్నపురాతి మేటల మీదనే కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతపు సిమెంటు కర్మాగారాలు నడుస్తున్నవి. ఒకప్పుడు బుద్ధుని ముఖం చెక్కిన రాయిని ఇప్పుడు పొడి చేసి కాల్చుతున్నారు. రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణ; కాల్షియం కార్బనేటు రెండు చోట్లా ఒకటే.

సూర్యాపేటకు ఆరు కిలోమీటర్ల దూరాన గల పిల్లలమర్రి చేరేసరికి కాలమూ మారుతుంది, రాయీ మారుతుంది. ఫణిగిరి విహారాలు పాడుపడిన ఎన్నో వందల ఏండ్లకు, కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఇక్కడ శివాలయాలు కట్టించినారు. నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం 1202 నాటిది. బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించిన ఎరకేశ్వరాలయం 1208 నాటిది. ఈ వంశంవాడైన రేచర్ల రుద్రుడే 1213లో పాలంపేట రామప్ప గుడి కట్టించినాడు. పిల్లలమర్రి శిల్పులు సున్నపురాయి కోసం కృష్ణకు పోలేదు. గట్టి నల్లరాతినే అద్దంలా నునుపు పెట్టి స్తంభాలు నిలిపినారు. నామేశ్వరాలయపు దూలం మీద క్షీరసాగర మథనపు రంగుల చిత్రం ఒకటి ఇంకా ఆనవాలు మిగిలి ఉన్నది. కాకతీయుల నాటి చిత్రలేఖనం మనకు మిగిలినది బహు స్వల్పం. చేతితో తడిమి చూడరాదని పిల్లలకు ముందే చెప్పవలెను.

ఇక్కడ కూడా నీటి సంగతే వస్తుంది, అయితే వేరు తీరున. ఆ కాలపు సామంతులకు ఊరు నిలుపుట, చెరువు తవ్వించుట, గుడి కట్టించుట ఒకే పుణ్యకార్యంలో భాగాలు. గుడికి మాన్యం ఇస్తే దాన్ని పండించుటకు చెరువు కావలెను. చెరువు గట్టు తెగకుండా చూచుటకు ఊరు కావలెను. నల్లగొండ దగ్గరి పానుగల్లులో కందూరి చోడులు కట్టించిన ఉదయసముద్రం, దాని చెంత ఛాయా సోమేశ్వరాలయం ఇట్టి జంటయే. (ఆ గుడిలో పగలంతా కదలని నీడ సంగతి వేరే వ్యాసానికి తగినది.) ఈ చెరువులు నేలలో పల్లం ఎక్కడున్నదో చూసి కట్టినవి, కొన్ని వందల ఎకరాలను ముంచి, కొన్ని వందల ఎకరాలను పండించేవి. గుడి గట్టు మీద క్షేమంగా ఉండేది. నదిని అడ్డగించినప్పుడు అట్టి సౌలభ్యం లేదు. ముంపు కూడా నది అంత పెద్దది. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయం వల్ల మేళ్ళచెరువు వైపు కృష్ణ ఒడ్డు గ్రామాలు మరల ముంపును చూసినవి. మట్టపల్లి నరసింహస్వామి క్షేత్రం దగ్గరకు కూడా నీరు వచ్చి చేరినది.

పిల్లలను తీసుకొని వెళ్ళే ఉపాధ్యాయులు సూర్యాపేట నుండి పిల్లలమర్రి, ఫణిగిరి ఒక రోజున చూడవచ్చును. మరొక రోజు మిర్యాలగూడ నుండి బయలుదేరి, ముందుగా మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి చూసి, తరువాత సాగరం వెళ్ళవచ్చును. వాడపల్లి పేరు ఓడల రేవును బట్టి వచ్చినదని చెప్పుకొంటారు. సంగమం ఎదుట నిలిచి చూస్తే ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. మిర్యాలగూడకు సాగరం సుమారు యాభై కిలోమీటర్లు. మ్యూజియం ఉన్న దీవి ఆంధ్రప్రదేశ్‌లోకి వస్తుంది. దానికి లాంచీ మీద పోవలెను, గాలి ఎక్కువైన రోజున లాంచీలు నడవవు. జాతీయ వనం అని చెప్పదగినది ఈ మూడు పట్టణాల దగ్గర లేదు. సాగరానికి ఎగువన నల్లమలలో 1983లో ఏర్పడిన పులుల అభయారణ్యం ఉన్నది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగానికి అమ్రాబాద్ అని పేరు పెట్టినారు. ఒక్క రోజు విహారంలో దాన్ని కూడా ఇరికించడం మంచిది కాదు.

లాంచీలో పోయేటప్పుడు ఒక సంగతి పిల్లలకు చూపవచ్చును. దీవి వచ్చేదాకా నాలుగు వైపుల నీటిలో నుండి లేచిన కొండల వరుస కనిపిస్తుంది. అవి విజయపురి ప్రాకారాలు. లాంచీ పోతున్నది నగరం మీదుగా. చాంతిసిరి మహాచైత్యం మొదట ఉన్న చోటు, బోధిసిరి చైత్యగృహపు చోటు, పడవల రేవు అన్నీ ఆ అడుగుననే ఉన్నవి. రుద్రపురుషదత్తుని 18వ ఏటికి తరువాతి శాసనం ఇంతవరకు ఏదీ చదవబడలేదు. 19 అనే అంకె గల రాయి ఏ ఒడ్డున ఉన్నా, అది ఫణిగిరి, గాజులబండ, వర్ధమానుకోట వంటి ఎత్తైన చోట్ల దొరకవలసినదే గాని లోయలో ఇక దొరకదు.